టీ టవళ్ల బోణీ

మా మేనేజరు నవ్వుతూ పలకరించిందంటే నాకు లోపల ఏదో గంట మోగుతుంది. ఆ జూలైలో, స్కూళ్లకు చలికాలం సెలవులిచ్చిన వారంలో, ఆవిడ నన్ను ఆక్లాండ్‌లో పెన్రోజ్ దగ్గరున్న ఆఫీసుకు పిలిచి తన చేత్తోనే కాఫీ కలిపి ఇచ్చింది. అంతకుముందు నేను అక్కడ కాఫీ తాగానంటే అది నేనే కలుపుకున్నది. కప్పు నా ముందు పెట్టి, ఈ సీజన్ పెద్దగా ఉండబోతోందని, కొత్తగా ఒకావిడను తీసుకున్నామని, ఆవిడదీ మా భాషేనని చెప్పింది.

"కొన్ని వారాలు నీతో తిప్పు. అన్నీ చూపించు," అంది.

ఆ 'అన్నీ' దగ్గర నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. పని నేర్పమంటే ఒకటి. అన్నీ చూపించమన్నారంటే, చూపించిన మనిషితో ఇక వాళ్లకు అవసరం లేదన్నమాట. కాఫీ సగంలోనే వదిలేసి, సరేనని తలూపి బయటికి వచ్చేశాను.

నా ఉద్యోగమేమిటో మావాళ్లకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాదు. ఇక్కడ స్కూళ్లు ఆటస్థలానికి నీడ వేయించాలన్నా, లైబ్రరీకి పుస్తకాలు కొనాలన్నా, తల్లిదండ్రుల సంఘంవాళ్లు ఏదో ఒకటి అమ్మి డబ్బు పోగుచేస్తారు. కొందరు చాక్లెట్లు అమ్మిస్తారు, కొందరు ఈస్టరుకు బన్నులు. మా కంపెనీ టీ టవళ్లు అమ్మిస్తుంది. అంటే గిన్నెలు తుడుచుకునే గుడ్డలు. స్కూల్లోని పిల్లలందరూ ఎవరి ముఖం వాళ్లు నల్ల పెన్నుతో గీసిస్తారు. ఆ ముఖాలన్నిటినీ వరసగా గుడ్డ మీద అచ్చువేయిస్తాం. నానమ్మలూ అమ్మమ్మలూ క్రిస్మస్ కానుకలకని ఎగబడి కొంటారు. పిల్లల ముఖాలతో ఎంగిలి గిన్నెలు తుడవడమేమిటని మా అత్తగారు ఒకసారి అడిగారు. మా ఇంట్లో ఉన్న నాలుగు టవళ్లూ దేవుడి పటాల పక్కన మడతపెట్టి ఉన్నాయి.

స్కూళ్లకు వెళ్లి, ఈసారి మా టవళ్లే అమ్మండని ఒప్పించి, బుకింగ్ రాయించుకు రావడం నా పని. ఆక్లాండ్‌లో దక్షిణపు కొస అంతా నా ఏరియా. మనురేవా, టకానిని, పాపకూరా, ఆ పైన గుర్రాలు మేసే పొలాల మధ్య ఉన్న చిన్న చిన్న స్కూళ్లు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు భార్యగా ఆయన వీసాకు తోకగా ఈ దేశం వచ్చినదాన్ని. ఇల్లు ఆయన పేరుతో వచ్చింది, స్నేహితులు ఆయన ఆఫీసు నుంచి వచ్చారు. ఈ ఏరియా ఒక్కటే నేను నా కాళ్ల మీద తిరిగి, వానలో తడిసి సంపాదించుకున్నది. దాని మీద ఎవరి చూపు పడినా నాకు నిద్ర పట్టేది కాదు.

పైగా ఆ ఏడాది ఒక కొత్త రూలు వచ్చింది. అంతకుముందు సీజన్లో న్యూ లిన్ వైపు స్కూళ్లు చూసుకునే అతను ఒక స్కూలుకు అచ్చు షెడ్యూల్లో లేని తేదీకి టవళ్లిస్తానని మాటిచ్చాడు. టవళ్లు చేరేసరికి స్కూలు మూసేసి అందరూ బీచ్‌లకు పోయారు. ఆ గొడవ తర్వాత మేనేజరు మా అందర్నీ కూర్చోబెట్టి, షెడ్యూలు కంటే ముందు తేదీకి ఎవరు మాటిచ్చినా వాళ్ల ఏరియా పోతుందని ఖరాఖండిగా చెప్పేసింది. అతనిప్పుడు ఆఫీసులో ఒక మూల హెడ్‌సెట్ తగిలించుకుని ఫోన్లెత్తుతున్నాడు. అతని పక్కన ఒక ఖాళీ కుర్చీ ఉంది. నేను ఎప్పుడు వెళ్లినా ఆ కుర్చీ నావైపే తిరిగి ఉండేది.

కొత్తావిడను మొదటిసారి టకానిని స్టేషన్ దగ్గర ఎక్కించుకున్నాను. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది కావచ్చు. తెనాలి మనిషి. మెడలో చిన్న సిలువ. వృద్ధులను చూసుకునే రెస్ట్ హోములో చాలాకాలం పనిచేసి, మనుషులను ఎత్తీ దించీ నడుము పాడుచేసుకుని ఇటు వచ్చిందట. కారెక్కుతూనే సీటు బెల్టు కంటే ముందు వరస కలిపేసింది.

"మిమ్మల్ని అక్కా అనొచ్చా అండీ?"

"అనుకోమ్మా, దానిదేముండాది," అన్నాను.

పైకి అలా అన్నాను కానీ, ఎక్కీ ఎక్కగానే అక్కా అనే మనుషులంటే నాకు మొదట్నుంచీ జంకే. అక్క అన్నాక మనం ఏదీ దాచుకోకూడదు. వాళ్లు ఏదడిగినా కాదనకూడదు. అండీ అన్న పిలుపులో ఉన్న రక్షణ అక్కా అన్న పిలుపులో లేదు.

సెలవుల్లోనే మేము సీజన్‌కు సిద్ధమవుతాం. స్కూళ్లు తెరిచాక సిద్ధమవుదామంటే అప్పటికే చాక్లెట్లవాళ్లు లోపల కూర్చుని ఉంటారు. నేను ఆమెకు నేర్పించాను, నేర్పలేదని ఎవరూ అనలేరు. శాంపిల్ టవలును ఎప్పుడూ పెట్టె మడతలతో చూపించకూడదు. నాలుగైదుసార్లు ఉతికి, రంగు పోలేదని చూపించాలి. నల్ల పెన్నులు మనమే డబ్బాలకు డబ్బాలు ఇవ్వాలి, లేకపోతే ఏదో ఒక క్లాసులో పెన్సిలుతో గీయించేస్తారు, పెన్సిలు గీత అచ్చులో రాదు. పొద్దున మోటార్‌వే మీద జనమంతా సిటీకి పోతుంటారు కాబట్టి మనం దక్షిణానికి పోయే స్కూళ్లు పెట్టుకోవాలి. ఏ స్కూలుకు ఎప్పుడు టీచర్లు మాత్రమే వచ్చే రోజు ఉందో ముందే కనుక్కోవాలి. తల్లిదండ్రుల సంఘంలో ఎవరు మారారో స్కూలు వెబ్‌సైటులో చూసుకుని, పాత మనిషి పేరుతో కొత్త మనిషిని పలకరించే అవమానం తప్పించుకోవాలి. కారు డిక్కీలో గంబూట్లుండాలి. స్కూలు లోపలికి వెళ్లేముందు కారులో చేపల కూర డబ్బా తెరవకూడదు. ఇది ఆమెను చూసి కొత్తగా పెట్టిన నియమం.

ఇవన్నీ చెప్పాను. అసలు సంగతి మాత్రం చెప్పలేదు. కూరలో ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పి ఎప్పుడు వెయ్యాలో చెప్పకుండా ఊరుకోవడం కూడా ఒక విద్యే. స్కూల్లో ప్రిన్సిపల్‌ను కలిసి లాభం లేదని, ముందు గదిలో కూర్చునే ఆఫీసు ఆవిడను మంచి చేసుకుంటే చాలని, ఆ ఆవిడల్లో ఎవరికి తోట పిచ్చి, ఎవరికి మనవళ్ల పిచ్చి అన్నది నేను నా బుర్రలోనే ఉంచుకున్నాను.

ఆమె మాత్రం అదే అడిగేది. ఏ స్కూలు ముందు ఆపినా, "ఇక్కడ డెసిషన్ ఎవరిదక్కా?" అనేది. గేటు దగ్గరి నోటీసు బోర్డులకు ఫోనుతో ఫొటోలు తీసేది. నేను పెట్రోలు పోయించుకుని తిరిగి వచ్చేసరికి గొంతు తగ్గించి ఎవరితోనో మాట్లాడుతూ, నన్ను చూడగానే పెట్టేసేది.

"ఎవరితో మాట్లాడతాండావు?" అని ఒకసారి అడిగేశాను.

"ఎవరూ లేరక్కా, తెలిసినాళ్లు," అంది కిటికీలోంచి బయటికి చూస్తూ.

తెలిసినవాళ్లతో ఎవరైనా గొంతు తగ్గించి మాట్లాడతారా? మా మేనేజరుకే ఎప్పటికప్పుడు కబురు చేరవేస్తోందని నాకు రూఢి అయిపోయింది. ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే ఆయన ల్యాప్‌టాప్ లోంచి తలెత్తకుండానే నవ్వాడు.

"నీకు కుక్కరు విజిలేసినా ఎవరికో సిగ్నలిస్తాండాదని అనుమానమే," అన్నాడు.

నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఏరియా ఆయనది కాదు కదా.

ఇక్కడ నేను బోణీ సంగతి చెప్పాలి. మా మేనమామకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉండేది. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే నేను గల్లాపెట్టె పక్కనే కూర్చునేదాన్ని. పొద్దున వచ్చే మొదటి బేరాన్ని ఆయన ఏ పరిస్థితిలోనూ వదులుకునేవాడు కాదు. ఎంత తక్కువకు అడిగినా విసుక్కోకుండా, ఆ మనిషిని ఉత్తచేతులతో మెట్లు దిగనిచ్చేవాడు కాదు. బోణీ బేరం వెనక్కి పోతే ఆ రోజంతా వెనక్కి పోతుందని ఆయన నమ్మకం. కొందరి చేయి మంచిదని, వాళ్ల చేతి బోణీ అయితే సాయంత్రానికి అలమరలు ఖాళీ అవుతాయని అనేవాడు. నేను ఎంబీఏ చదివినదాన్ని. ఇలాంటివి నమ్ముతానని ఈ దేశంలో ఏ ఒక్కరికీ చెప్పలేదు. కానీ ప్రతి సీజన్‌కూ నా మొదటి బుకింగు ఒకే స్కూలు నుంచి రావాలి. రైలు పట్టాలకు అవతల, చిన్న చర్చి పక్కన ఉన్న స్కూలది. అక్కడ ఆఫీసులో ఒక పెద్దావిడ ఉంటుంది, సమోవా మనిషి, చెవిలో ఎప్పుడూ ఒక పువ్వు. నేను ఈ ఉద్యోగంలో చేరిన ఏడు మొట్టమొదట సరేనన్నది ఆవిడే. ఆ ఏడు నేను తలుపు తట్టిన ప్రతి స్కూలూ సరేనంది. మధ్యలో ఒక ఏడు ఆవిడ ఒంట్లో బాగాలేక రాకపోతే వేరే స్కూల్లో మొదలుపెట్టాను. ఆ ఏడు జరిగినవి తలచుకోవడం కూడా నాకిష్టం లేదు.

టర్మ్ మొదలైన రోజున వాన. కొత్తావిడను వెంటబెట్టుకుని ఆ స్కూలుకే వెళ్లాను. ఎందుకు ముందు ఇక్కడికే అని ఆమె అడిగితే, దారిలో ఉంది కాబట్టి అని అబద్ధం చెప్పాను. నిజానికి దారిలో మూడు స్కూళ్లు దాటి వచ్చాం.

పెద్దావిడ నన్ను కావిలించుకుంది. తల్లిదండ్రుల సంఘానికి కొత్త అధ్యక్షురాలు వచ్చిందని చెప్పి, చంకలో పాపతో నిలబడ్డ ఒక తల్లిని పరిచయం చేసింది. ఆ తల్లి శాంపిల్ టవలును పాప చేతికందకుండా పైకెత్తి చూసి, చాలా బాగుందని, ఈసారి తప్పకుండా అమ్ముతామని అంది. నా ఊపిరి కుదుటపడేలోపు ఇంకోమాట అంది. సెప్టెంబరు చివర, టర్మ్ అయిపోయే ముందు, స్కూలు పుట్టినరోజు పండుగ చేస్తున్నారట. పాత విద్యార్థులందరూ వస్తారట. టవళ్లు అప్పటికి చేతిలో ఉండాలి. లేకపోతే ఈ ఏడాదికి వద్దట.

మా అచ్చు షెడ్యూల్లో మొదటి విడత అక్టోబరులో వస్తుంది. ఆ సంగతి నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు. కుదరదండీ అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు ఆ పెద్దావిడ నా చేతి మీద చేయి వేసి, "మా మాట ఈవిడ ఎప్పుడూ కాదనలేదు," అని ఆ తల్లితో చెప్పింది.

బోణీ బేరం మెట్లు దిగిపోతున్నట్టు నాకు కళ్లముందు కనిపించింది. తప్పకుండా ఇస్తామని నా నోరే అనేసింది. నా నోటి నుంచి వచ్చిన మాట నా చెవులకు వినబడి నేనే ఉలిక్కిపడ్డాను. కొత్తావిడ తన బూట్ల వంక చూసుకుంటోంది. అలవాటు అవుతుందని బుకింగు కాగితం ఆమెతోనే నింపించాను. ఆ తల్లి పాపను ఇంకో చంకలోకి మార్చుకుని సంతకం పెట్టింది.

కారులో కూర్చున్నాక, ఆమె సీటు బెల్టు కోసం అటు తిరిగినప్పుడు, కాగితం గబుక్కున కళ్లకద్దుకున్నాను. ప్రతి ఏడూ చేసేదే. ఆమె చూసేసింది.

"బోణీనా అక్కా?"

కాగితాన్ని గబగబా ఫైల్లోకి తోసేశాను.

"మా నాన్నది తెనాల్లో గాజుల కొట్టు. పొద్దున్నే ప్రార్థన చేసుకుని తలుపులు తీసేవాడు. ప్రార్థన ప్రార్థనే, బోణీ బోణీయే అనేవాడు," అంది. కాస్త ఆగి, "షెడ్యూల్లో ఫస్ట్ బ్యాచ్ అక్టోబరు కదక్కా?" అని కూడా అంది.

"నేను చూస్కుంటాలే," అన్నాను. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

ఏం చూసుకుంటానో నాకే తెలియదు. స్కూలుకు ఫోన్ చేసి, పొరపాటైంది, ఆ తేదీకి కుదరదు అనొచ్చు. కానీ ఒకసారి తీసుకున్న బోణీని తిరిగి ఇచ్చేయడం మేనమామ అంగట్లో ఎన్నడూ చూడలేదు. మేనేజరుకు చెప్పి బతిమాలుకోవచ్చు. చెబితే ఆ మూలనున్న కుర్చీ సిద్ధంగానే ఉంది. ఇక మిగిలింది, ఎవరికీ తెలియకుండా ఏదో ఒక దారి దొరకడం. తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసిన మనిషి నా పక్క సీట్లోనే కూర్చుని ఉంది.

ఆ తర్వాత మేము తిరిగిన స్కూళ్లన్నిట్లో పని బాగానే జరిగింది. బోణీ పట్టిందనుకుని నేను సంతోషపడాల్సింది. నా కళ్లు మాత్రం ఆమె ఫోను మీదే. ఆమె అంతకుముందులాగా ప్రశ్నలు అడగడం మానేసింది. ఎవరిని అడిగి ఏం తెలుసుకోవాలో తెలిసిపోయిన వాళ్లే ప్రశ్నలు మానేస్తారు. నేను ఆమెతో ఎన్నడూ లేనంత మర్యాదగా మాట్లాడసాగాను. ఆకలిగా ఉందా అని అడిగాను. చేపల కూర డబ్బా కారులోనే తెరుచుకోమన్నాను. నాలో నాకే రోత పుట్టింది.

ఒక పొద్దున నేను స్టేషన్‌కు బయల్దేరుతుండగా మెసేజి వచ్చింది. ఈరోజు రాలేను, ఆఫీసులో పనుంది అని.

ఆమెకు ఆఫీసులో ఏం పని? ట్రైనీకి నాతో తప్ప వేరే పనేముంటుంది? ఆ రోజు పెట్టుకున్న స్కూళ్లకు ఫోన్ చేసి మధ్యాహ్నం వస్తానని చెప్పి, కారు పెన్రోజ్ వైపు తిప్పాను. పొద్దునపూట ఉత్తరానికి పోకూడదని ఊళ్లోవాళ్లందరికీ పాఠం చెప్పే నేను, మోటార్‌వే మీద ఆ జనంలో ఇరుక్కుని, ఒక్కో అడుగూ జరుగుతూ, మేనేజరుకు చెప్పాల్సిన సంజాయిషీని రకరకాలుగా కూర్చుకున్నాను. ఏదీ నిలబడలేదు.

ఆఫీసులో అద్దాల గది ఉంది. లోపల మేనేజరూ ఆమే ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మేనేజరు నవ్వుతోంది. ఆమె ముందు కాఫీ కప్పు ఉంది. ఎవరు కలిపిచ్చారో నేను అడగనక్కర్లేదు. ఇద్దరూ నన్ను ఒకేసారి చూశారు. మేనేజరు లోపలికి రమ్మని చేయి ఊపింది.

"ఆ స్కూలు తేదీ సంగతి ఈవిడ నాకు చెప్పేసింది," అంది.

అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కూడబెట్టుకున్న సంజాయిషీల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"కొత్తమ్మాయి ఉత్సాహం. నువ్వు ఆపేలోపే మాటిచ్చేసిందట," అని మేనేజరు కొనసాగించింది. "నువ్వు ఆవిడను కాపాడదామని నాకు చెప్పకుండా ఊరుకున్నావని అర్థమైంది. మంచితనమే కానీ, ఇంకోసారి అలా చేయకు. ట్రైనీ కాబట్టి ఈ ఒక్కసారికి వదిలేశాను. శాంపిళ్లు వేసే విడతలో ఆ స్కూలును ఇరికించాను. ఎలాగో సెప్టెంబరుకు అందుతాయి."

నేను కొత్తావిడ వైపు చూశాను. ఆమె కప్పులోకి చూస్తోంది.

"కాగితం కూడా ఆవిడ చేతి రాతలోనే ఉంది కాబట్టి ఆ స్కూలు ఆవిడకే రాసేశాను," అంది మేనేజరు. "నెలాఖరులోపు తన పేరు మీద ఒక్క స్కూలైనా ఉంటే తప్ప ట్రైనీలను పర్మనెంట్ చేయం కదా. ఆ చింత కూడా తీరింది. నీకేం అభ్యంతరం లేదుగా?"

అప్పుడు నాకు మొత్తం తెలిసింది. అభ్యంతరం ఉందని చెప్పాలంటే, ఆ మాటిచ్చింది నేనని చెప్పాలి. నేనని చెబితే ఆ ఒక్క స్కూలు కాదు, మనురేవా నుంచి గుర్రాల పొలాల దాకా అన్నీ పోతాయి. ఈమె నా నోరు ఎంత శుభ్రంగా కట్టేసిందో చూసి, ఒకవైపు ఒళ్లు మండుతుంటే ఇంకోవైపు ముచ్చటేసింది.

"ఏమీ లేదు," అన్నాను.

ఇంకో వారం ఆమెను నాతోనే తిప్పమని చెప్పి మేనేజరు మమ్మల్ని పంపించింది. కారులో మోటార్‌వే ఎక్కేదాకా ఓర్చుకున్నాను. ఎక్కాక నాకు ఆగలేదు.

"నన్ను కాపాడినావా, నా స్కూలు తీసుకున్నావా? ఏదో ఒకటి చెప్పు," అన్నాను.

"రెండూనక్కా," అంది.

నేను ఆ జవాబుకు సిద్ధంగా లేను. అయ్యో అక్కా, మీకోసమే అక్కా అంటుందని, అన్నప్పుడు ఏమనాలో తయారుగా పెట్టుకున్నాను.

"మీరు చెప్తే మీ ఏరియా పోతది. నేను చెప్తే ట్రైనీ గదా అని వదిలేస్తారు. ఎవరో ఒకరు చెప్పకపోతే సెప్టెంబర్లో ఇద్దరం మునిగేవాళ్లం," అంది. గొంతులో తడబాటు లేదు. "నాకూ స్కూలు కావాల. లేకపోతే మళ్లా రెస్ట్ హోముకే పోవాల. వీకెండు షిఫ్టులు ఇప్పటికీ చేస్తానే ఉన్నా. ఆ ఏజెన్సీవాళ్లే ఫోన్లు చేసేది. నా నడుం ఇంక మనుషుల్ని ఎత్తలేదక్కా."

"నన్నడగొచ్చు కదా, ఒక స్కూలియ్యమని."

"అడిగితే ఇచ్చేవాళ్లా?"

అబద్ధం చెప్పడానికి ఆ కారులో చోటు లేకపోయింది.

"ఇచ్చేదాన్ని కాదు," అన్నాను.

ఆమె తలూపింది, కోపం లేకుండా. నాకు మాత్రం కోపం ఉంది. ఆ పెద్దావిడ చేయి ఇక నా చేతిమీద పడదు. వచ్చే ఏడు ఆవిడ కావిలించుకునేది ఈమెను. నా ఏరియా నాకు మిగిలిందన్న నెమ్మది, నా బోణీ పోయిందన్న దుఃఖం ఒకేసారి వచ్చి, దేనికి ఏడవాలో తెలియక, వాన లేకపోయినా వైపర్లు వేశాను. మోసం చేసినవాళ్లను ఎలా తిట్టాలో నాకు బాగా తెలుసు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్లను ఏం చేయాలో తెలియలేదు.

స్టేషన్ దగ్గర దిగుతూ ఆమె రేపు ఎన్నింటికి రావాలని అడిగింది. ఎనిమిదికి రమ్మన్నాను. నా మనసులో ఉన్నది వేరు. చేతిలో బోణీ లేకుండా మిగతా సీజనంతా తిరగడం నా వల్ల కాదు. కొత్త చేయి వెతుక్కోవాలి. ఈసారి ఎవరి కంటా పడకుండా, పక్క సీట్లో ఏ మనిషీ లేకుండా, తెల్లారగానే పొలాల వైపు ఉన్న ఒక స్కూలుకు ఒక్కదాన్నే వెళ్లి, అక్కడ మొదలుపెట్టి వచ్చి, ఆ తర్వాత ఈమెను ఎక్కించుకుందామనుకున్నాను.

మర్నాడు పొద్దున మంచు ఇంకా విడవలేదు. ఎనిమిదికి చాలా ముందే బయల్దేరి, స్టేషన్ ముందు నుంచి పోతుంటే, బస్టాపు రేకు కింద ఆమె నిలబడి ఉంది. చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని, వచ్చే కార్లనే చూస్తోంది. చూడనట్టు పోవడానికి వీల్లేదు. ఆపి అద్దం దించాను.

"ఎనిమిదన్నారంటే ముందే పోతారనుకున్నా," అంది. నేను ఏమీ అనకముందే, "నేను కార్లోనే కూర్చుంటానక్కా. లోపలికి రాను. బోణీ మీరు ఒక్కరే చేసుకోండి," అంది.

తలుపు తీశాను. హీటరు పెంచి పొలాల దారి పట్టాను. స్కూలు గేటు ముందు కారు ఆపి, హీటరు ఆగిపోతే చలేస్తుందని నా శాలువా ఆమె ఒళ్లో వేసి, శాంపిల్ టవళ్లు చంకన పెట్టుకుని లోపలికి వెళ్లాను. కారు తాళం చెవి మాత్రం నాతోనే తీసుకెళ్లాను.